తెగినది ఎక్కడో తెలుసుకుందాం

తీగతోనూ, తీగ లేకుండానూ నడిచే స్థానిక కంప్యూటర్ నెట్‌వర్కులను గురించి నాందేడ్‌లోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

 

నేను ఇంజనీరును కాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఎ. చదివి, ఈ నగర పాలనకు సంబంధించిన మరాఠీ ప్రకటనలను తెలుగులోకి మార్చే పని చేసుకుంటున్నవాడిని. కంప్యూటర్లను కలిపే తీగలను గురించి మాట్లాడేందుకు ఇతనికేమి అర్హత అని మీరు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం ఇది. నేను అనువదించే ప్రకటనలలో చాలావాటి చివర ఈ రోజుల్లో ఒకే వాక్యం ఉంటున్నది: దరఖాస్తును ఆన్‌లైన్‌లో సమర్పించాలి. ఆ వాక్యాన్ని తెలుగు చేయడం సులువు. కాని దానిని చదివిన మనిషికీ, ఆ దరఖాస్తును అందుకునే కార్యాలయానికీ మధ్య ఒక తీగో, ఒక రేడియో తరంగమో ఉన్నది. అది తెగితే నా తెలుగు ఎంత చక్కగా ఉన్నా ఎవరికీ ఉపయోగపడదు. అందుకే ఈ విషయాన్ని నేర్చుకున్నాను. నేర్చుకున్నంతవరకు మీకు చెప్పడానికి వచ్చాను.

నేర్చుకోవడానికి కారణమైన సంఘటన మా ఇంటిలోనే జరిగింది. సుమారు ఎనిమిదేళ్ల క్రితం మా తమ్ముడు ఒక ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు చేస్తున్నాడు. అది చివరి రోజు. వయోపరిమితి ప్రకారం అతనికి అదే చివరి అవకాశం కూడా. రాత్రి తొమ్మిది గంటలకు వివరాలన్నీ నింపి, ఫొటో, సంతకం జతచేస్తుండగా పేజీ కదలడం మానేసింది. కంప్యూటరులో వైఫై గుర్తు నిండుగానే ఉన్నది. ఫోనులోనూ నిండుగానే ఉన్నది. కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టాము. నాలుగుసార్లు పెట్టాము. తరువాత తమ్ముడు సైకిలెక్కి నెట్ సెంటరుకు పరుగెత్తాడు. రెండు సెంటర్లు మూసి ఉన్నాయి. మూడవదానిలో అప్పటికే పదిమంది వరుసలో ఉన్నారు. అతని వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

మరునాడు ఉదయం నెట్ కనెక్షన్ పిల్లవాడు వచ్చి, గోడమీది మోడెముకూ బల్లమీది రౌటరుకూ మధ్యనున్న రెండడుగుల తీగను వేలితో నొక్కాడు. టిక్కుమన్నది. అంతే, నెట్ వచ్చింది. తీగ చివర ఉండే ప్లాస్టిక్ కొక్కెం ఎప్పుడో విరిగింది. ముందురోజు ఇల్లు ఊడుస్తున్నప్పుడు ప్లగ్గు కాస్త వెనక్కి జరిగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎక్కడ తెగిందో వెతకడం మాకు తెలియలేదు, అంతే. అంతకన్నా బాధ కలిగించే సంగతి మరొకటి ఉన్నది. ఆ రాత్రి నా ఫోనులో డేటా ఉన్నది. దానిని హాట్‌స్పాట్‌గా మార్చి కంప్యూటరుకు అందించవచ్చునన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. తమ్ముడు నేడు వేరే పని చేసుకుంటూ సుఖంగానే ఉన్నాడు. ఆ మాట మాత్రం మా ఇంటిలో ఎవరమూ ఎత్తము.

కనుక ఈ పూట నేను చెప్పబోయేది పరీక్ష కోసం చదువుకునే పాఠం కాదు. నెట్ రాలేదు అనే రెండు మాటలను విడదీసి, ఎక్కడ రాలేదు, ఎందుకు రాలేదు అని అడగగలగడమే దీని ప్రయోజనం.

మొదట ఒక భ్రమను తొలగించుకుందాం. వైఫై, ఇంటర్నెట్ ఒకటే అని మనలో చాలామంది అనుకుంటారు. అవి రెండు వేర్వేరు వస్తువులు. మన నగరానికి నీరు విష్ణుపురి జలాశయం నుండి వస్తుంది. ఆ జలాశయం నిండుగా ఉన్నా, మీ ఇంటి లోపలి పైపు ఊడిపోతే మీ బిందె నిండదు. అదే విధంగా మీ ఇంటి పైపులన్నీ బాగున్నా, వీధిలోని ప్రధాన గొట్టం పగిలితే నీరు రాదు. ఇంటర్నెట్టు బయటి నుండి వచ్చే నీరు. ఇల్లు, దుకాణం, కార్యాలయం లోపల కంప్యూటర్లను, ఫోన్లను, ప్రింటరును ఒకదానితో ఒకటి కలిపే ఏర్పాటు లోపలి పైపుల వంటిది. ఈ లోపలి ఏర్పాటునే లోకల్ ఏరియా నెట్‌వర్క్ అంటారు. పొట్టిగా లాన్. తెలుగులో స్థానిక జాలం అనవచ్చు.

నీటి ఉపమానం ఒక్క చోట చాలదు. బయటి నీరు ఆగితే ఇంటి పైపులకు పని లేదు. బయటి ఇంటర్నెట్ ఆగినా స్థానిక జాలం మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. మీ దుకాణంలో నెట్ లేకపోయినా బిల్లింగ్ కంప్యూటరు నుండి ప్రింటరుకు కాగితం వెళుతుంది. సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డరులో నమోదవుతాయి. మా తమ్ముడి కంప్యూటరులో వైఫై గుర్తు నిండుగా కనిపించడానికి కారణం ఇదే. ఆ గుర్తు చెప్పేది కంప్యూటరుకూ రౌటరుకూ మధ్యనున్న సంబంధాన్ని మాత్రమే. రౌటరుకు అవతల ఏమి జరుగుతున్నదో దానికి తెలియదు.

ఇక ఈ జాలంలోని పాత్రలను పరిచయం చేస్తాను.

వీధిలోని తీగ ఇంటిలోకి వచ్చి చేరేది మోడెములో. ఈనాడు గాజు తీగ, అనగా ఫైబరు, వస్తున్నది కాబట్టి దానిని ఫైబరు పెట్టె అందాం. అది కాంతి రూపంలో వచ్చిన సమాచారాన్ని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. రెండవది రౌటరు. ఇది ఇంటికి గుమ్మం వంటిది. లోపలి జాలానికీ బయటి లోకానికీ మధ్య నిలబడి, ఏ సమాచారం ఎటు వెళ్లాలో నిర్ణయిస్తుంది. మూడవది స్విచ్. ఇంటిలో చాలా యంత్రాలను తీగలతో కలపవలసి వచ్చినప్పుడు అన్ని తీగలూ వచ్చి చేరే కూడలి ఇది. నాలుగవది యాక్సెస్ పాయింట్. తీగలోని సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి గాలిలోకి పంపేది, గాలి నుండి తిరిగి అందుకునేది. మన ఇళ్లలో ఈ నాలుగు పాత్రలనూ ఒకే పెట్టె పోషించడం మామూలు. అందువల్లనే మనకు ఏ భాగం చెడిందో తెలియకుండా పోతున్నది.

జాలంలోని ప్రతి యంత్రానికీ రెండు గుర్తింపులు ఉంటాయి. ఒకటి తయారీదారు ఇచ్చే మ్యాక్ అడ్రస్. అది 48 బిట్ల సంఖ్య. రెండవది ఐపీ అడ్రస్. వలస వచ్చిన మనకు ఈ భేదం వివరించనక్కరలేదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు బోధన్‌లో ఉన్నా, దెగ్లూర్‌లో ఉన్నా, నాందేడ్‌లో ఉన్నా మారదు. అద్దె ఇంటి నంబరు మాత్రం ఊరు మారినప్పుడల్లా మారుతుంది. మ్యాక్ అడ్రస్ పేరు వంటిది, ఐపీ అడ్రస్ అద్దె ఇంటి నంబరు వంటిది. మీ ఫోను ఇంటికి రాగానే రౌటరు దానికి ఒక నంబరు కేటాయిస్తుంది. ఆ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇళ్లలో ఈ నంబరు ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది. మీ కంప్యూటరులో ఎప్పుడైనా 169.254 తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, రౌటరు నుండి దానికి ఇంటి నంబరు దొరకలేదనీ, అది తనకు తానే తాత్కాలికంగా ఒకటి పెట్టుకున్నదనీ అర్థం.

ఇంటి లోపలి ఈ నంబర్లు బయటి లోకానికి కనిపించవు. ఇంటిలో పది ఫోన్లున్నా, సాధారణంగా బయటికి కనిపించేది రౌటరు కనెక్షనుకు ఉన్న ఒక్క నంబరే. అపార్టుమెంటులో ఎందరున్నా ఉత్తరాలన్నీ ఒకే గేటు చిరునామాకు వచ్చినట్లు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. కొద్దిసేపటిలో దీని అవసరం వస్తుంది.

ఇప్పుడు తీగను గురించి, తీగలేనితనాన్ని గురించి. తెలుగులో మనం తంతి అనే మాటను టెలిగ్రాముకు వాడుకున్నాము. మరాఠీలో తార్ అంటారు. పోలీసుల వైర్‌లెస్‌ను మరాఠీలో బిన్‌తారీ అంటారు. మన పాత పుస్తకాలలో నిస్తంత్రి అనే మాట ఉన్నది. పేర్లను చూస్తే తీగ ముందు పుట్టిందనీ, అది లేకపోవడం తరువాత వచ్చిందనీ అనిపిస్తుంది. కంప్యూటర్ల స్థానిక జాలాల చరిత్ర దీనికి కొంత తలకిందులుగా నడిచింది.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు, సముద్రం మధ్యన విడివిడిగా ఉన్న దీవులలోని కంప్యూటర్ పరికరాలను రేడియో ద్వారా ఒక ప్రధాన కంప్యూటరుకు కలిపారు. దాని పేరు అలోహానెట్. ఒకే రేడియో మార్గంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. దానికి వారు కనిపెట్టిన ఉపాయం సరళమైనది. మాట అందినట్లు జవాబు రాకపోతే, ఎవరికి వారు కొంతసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఆగే సమయం అందరికీ ఒకటిగా ఉండకూడదు. ఉంటే మళ్లీ ఢీకొంటారు. పంచాయతీలో ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి, ఇద్దరూ ఆగి, ఒకరు ముందుగా మళ్లీ మొదలుపెట్టడం మనకు తెలిసినదే.

ఈ ఉపాయాన్ని చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ అనే యువకుడు దానిని మెరుగుపరచి తీగకు తగినట్లుగా మలిచాడు. అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో ఆయన 1973 మే 22న రాసిన లేఖలో ఈథర్‌నెట్ అనే పేరు కనిపిస్తుంది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన నిర్మించిన మొదటి ఈథర్‌నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈథర్ అంటే కాంతి ప్రయాణించడానికి ఆధారంగా విశ్వమంతా నిండి ఉన్నదని ఒకప్పటి శాస్త్రజ్ఞులు ఊహించిన పదార్థం. మన తార్కికులు శబ్దానికి ఆశ్రయంగా ఆకాశాన్ని చెప్పారు. తెలుగు చదువుకున్నవాడిగా నాకు ఆ పేరు దగ్గరగా తోచింది. ఆకాశంలో మాట్లాడుకోవడానికి పుట్టిన మర్యాదను ఒక రాగి తీగలోకి తెచ్చి, ఆ తీగకు ఆకాశం పేరు పెట్టారు. 1983లో అది ప్రమాణంగా రూపొందింది. నేడు మీ ఇంటిలోని తీగ దాని వారసురాలే.

తొలి రోజులలో అందరూ ఒకే తీగను పంచుకునేవారు. తరువాత హబ్ వచ్చింది. అది ఒకరు చెప్పిన మాటను అందరికీ వినిపిస్తుంది. ఎవరికి ఉద్దేశించినదో వారు ఉంచుకుంటారు, తక్కినవారు వదిలేస్తారు. స్విచ్ అలా చేయదు. మ్యాక్ అడ్రస్ చూసి, ఎవరి మాటను వారికే చేరవేస్తుంది. తొలి ఈథర్‌నెట్ స్విచ్చును 1990లో మార్కెట్టులోకి తెచ్చిన అమెరికా సంస్థ పేరు కల్పన. దాని స్థాపకులలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరును దానికి పెట్టుకున్నాడు. ఆ సంస్థను 1994లో సిస్కో కొనుగోలు చేసింది.

తీగను గురించి మీ చేతికి పనికివచ్చే విషయాలు కొన్ని చెబుతాను. మన ఇళ్లలో వాడే నెట్‌వర్క్ కేబులు లోపల ఎనిమిది సన్నని రాగి తీగలుంటాయి. అవి రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. దారాన్ని బలం కోసం పురివేస్తారు. ఇక్కడ మెలిక బలం కోసం కాదు. బయటి నుండి వచ్చే విద్యుత్ అలజడి జతలోని రెండు తీగల మీదా ఒకే విధంగా పడి, చివరకు రద్దవుతుంది. అందుకోసమే ఆ మెలిక. క్యాట్-5ఈ అనే రకం కేబులు 100 మీటర్ల దూరం వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని మోయగలదు. ఆ దూరం దాటితే మధ్యలో స్విచ్ పెట్టాలి.

ఒక గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. కాబట్టి కేబులులో ఒక తీగ తెగినా నెట్ పూర్తిగా ఆగకపోవచ్చు, వేగం పదవ వంతుకు పడిపోవచ్చు. వేగం ఉన్నట్టుండి 100 దగ్గర ఆగిపోతే కేబులును అనుమానించండి. కేబులును కరెంటు తీగలతో ఒకే గొట్టంలో వేయించకండి. ఒక మేడ నుండి మరొక మేడకు గాలిలో రాగి కేబులు లాగించకండి. వానాకాలపు పిడుగు సమీపంలో పడినా, ఆ తీగ వెంట విద్యుత్తు వచ్చి రెండు ఇళ్లలోని యంత్రాలనూ కాల్చవచ్చు. రెండు భవనాల మధ్య గాజు తీగ క్షేమం. గాజు విద్యుత్తును మోయదు.

ఇక గాలి మార్గం. వైఫైకి ఆధారమైన ప్రమాణం 1997లో వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. నేటి రౌటర్లు ముఖ్యంగా రెండు తరంగ పట్టీలలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ దూరం వెళుతుంది, గోడలను కొంత మేలుగా దాటుతుంది, కాని వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగమైనది, కాని రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రౌటరున్న గదిలోనే పని చేసేవారు 5 ను, దూరపు గదిలోనివారు 2.4 ను ఎంచుకోవడం మంచిది.

తీగకూ గాలికీ ఉన్న అసలు భేదం ఇది. స్విచ్ నుండి వచ్చే తీగ ఇంటి కుళాయి వంటిది, ఆ మార్గం మీ ఒక్కరిదే. వైఫై వీధి కుళాయి వంటిది. ఒక బిందె నిండిన తరువాతే మరొక బిందె. ఒకే ఛానలు మీద ఒక సమయంలో ఒక యంత్రమే మాట్లాడగలదు, తక్కినవి విని, ఆగి, తమ వంతు చూసుకోవాలి. ఈ వంతులు సెకనులో వేయవ వంతులలో మారుతాయి కాబట్టి మనకు తెలియదు. పక్క ఇళ్ల రౌటర్లు కూడా అదే ఛానలు మీద ఉంటే ఆ వరుసలో వారూ ఉన్నట్లే. 2.4 పట్టీలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: 1, 6, 11. మీ వాడలో అందరూ 6 మీద ఉంటే, మీరు 1కి గాని 11కి గాని మారండి. 2005లో మన దేశంలో ఈ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. అనగా ఇది ఎవరి సొత్తూ కాదు, అందరి ఉమ్మడి. ఉమ్మడి వస్తువుకు ఉండే మర్యాదే దీనికీ ఉండాలి.

రౌటరును ఎక్కడ పెట్టాలి? ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది, నీరు పీల్చుకుంటుంది. మన అద్దె గదులలో స్థలం తక్కువ. రౌటరును తెచ్చి ఇనుప బీరువా వెనుకనో, నీళ్ల డ్రమ్ము పక్కనో పెడతాము. తరువాత కంపెనీని తిడతాము. మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.4 పట్టీకి సమీపంలోనే పనిచేస్తుంది కనుక అది నడుస్తున్నంతసేపూ నెట్ తడబడవచ్చు. ఇంటి మధ్యభాగంలో, మనిషి తల ఎత్తున, ఏ అడ్డూ లేని చోట రౌటరును ఉంచండి. ఈ ఒక్క మార్పుకు రూపాయి ఖర్చు లేదు. కదలని యంత్రాలకు, అనగా టీవీకి, దుకాణపు కంప్యూటరుకు, కెమెరా రికార్డరుకు తీగ వేయండి. గాలిని ఫోన్లకు వదలండి. పరీక్ష రాసేవారు, చివరి రోజు దరఖాస్తు పంపేవారు వీలైనంతవరకు తీగతోనే కూర్చోండి.

వేగం లెక్కను గురించి ఒక మాట. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి సెకనుకు అత్యధికంగా వచ్చేది 12.5 మెగాబైట్లు. ఆ కనెక్షనును నలుగురు పంచుకుంటే తలా మూడు మెగాబైట్లకు కాస్త పైన.

పంచుకోవడం అన్నాను కాబట్టి అతి ముఖ్యమైన విషయానికి వస్తాను. 2008 మన నగరానికి మరపురాని సంవత్సరం. గుర్తా గద్దీ త్రిశతాబ్ది ఉత్సవాల కోసం నాందేడ్ రోడ్లు, వంతెనలు కొత్త రూపు దాల్చిన సంవత్సరం. అదే ఏడాది జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లు జరిగి యాభైమందికి పైగా మరణించారు. పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఇ-మెయిల్ వచ్చింది. దర్యాప్తు అధికారులు దాని ఐపీ అడ్రసును వెతుక్కుంటూ వెళ్లగా, అది మన రాష్ట్రంలోనే, నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై కనెక్షను వద్ద తేలింది. ఆ ఇంటిలో ఉంటున్న విదేశీయుణ్ణి ప్రశ్నించారు, కంప్యూటర్లను పరీక్షించారు. ఆయనకు ఆ కుట్రతో సంబంధం లేదనీ, రక్షణ లేని ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారనీ తరువాత తేలింది. అదే సంవత్సరం ముంబయిలోని ఒక కళాశాల వైఫైని కూడా ఇలాగే వాడుకున్నారు. 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం విభాగం వైఫై రక్షణను గురించి ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇదే. ఇంటిలో ఎందరు వాడినా బయటికి కనిపించే నంబరు ఒక్కటే, ఆ నంబరు కనెక్షను ఎవరి పేరున ఉన్నదో వారిదే. మనం పరాయి రాష్ట్రంలో, అద్దె ఇళ్లలో ఉంటున్నాము. మనలో చాలామందికి మరాఠీ మాట్లాడడం వచ్చును గాని, పోలీసు కాగితం చదవడం రాదు. తప్పు చేయకపోయినా, చేయలేదని చెప్పుకోవడమే మనకు పెద్ద పని. వైఫై పాస్‌వర్డు పంచడం ఉదారగుణమే. ఆ పాస్‌వర్డు చేతులు మారి ఎవరి దాకా వెళ్లినదో తెలియకపోవడం మాత్రం ప్రమాదం.

చేయవలసినవి కష్టమైనవి కావు. వైఫైకి రక్షణ పద్ధతిగా డబ్ల్యూపీఏ-2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ-3 గాని ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతిని 2001 నాటికే ఛేదించారు, దానిని వాడకండి. పాస్‌వర్డు పన్నెండు అక్షరాలకు తగ్గకుండా ఉండాలి. ఫోను నంబరు, పిల్లల పేరు పెట్టకండి. రౌటరు లోపలి అమరికలకు వేరే పాస్‌వర్డు ఉంటుంది. అది కొన్నప్పుడు ఉన్నట్లే వదిలేస్తే, మీ వైఫైలోకి వచ్చిన వారెవరైనా గుమ్మం తాళాన్నే మార్చగలరు. దానిని తప్పక మార్చండి. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు రౌటరులో అతిథి నెట్‌వర్కు తెరవండి. వారికి ఇంటర్నెట్ అందుతుంది, మీ కంప్యూటరు, కెమెరాలు కనిపించవు. నెలకొకసారి దాని పాస్‌వర్డు మార్చండి. అయితే అతిథులు వాడినా బయటికి కనిపించే నంబరు మీదేనని మరువకండి. ఎప్పుడైనా మోసం జరిగి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరగా, నెట్ ఆగినప్పుడు ఎక్కడ తెగిందో వెతికే వరుస చెబుతాను. మొదట, ఒక్క ఫోనులోనే ఆగిందా, అన్నింటిలోనా? ఒక్కదానిలోనే అయితే తప్పు ఆ ఫోనులో ఉన్నది. రెండవది, పెట్టెల మీది దీపాలు చూడండి. ఫైబరు పెట్టె మీద ఎల్ఓఎస్ అనే చోట ఎర్ర దీపం వెలిగితే, వీధి నుండి కాంతి రావడం లేదని అర్థం. మీరు చేయగలిగినది లేదు, ఫిర్యాదు చేయండి. మూడవది, ప్రతి ప్లగ్గునూ తీసి, టిక్కుమనే వరకు మళ్లీ నొక్కండి. సన్నని గాజు తీగను మాత్రం వంచకండి, లాగకండి. నాలుగవది, రౌటరు కింద రాసి ఉన్న అడ్రసును, ఉదాహరణకు 192.168.1.1 ను, బ్రౌజరులో తెరవండి. పేజీ వస్తే ఇంటి జాలం బ్రతికే ఉన్నది, లోపం రౌటరు నుండి అవతలికి. ఐదవది, కంప్యూటరును తీగతో రౌటరుకు కలపండి. తీగతో వచ్చి, గాలితో రాకపోతే లోపం వైఫైలో. ఆరవది, పెట్టెలను ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. సూదితో నొక్కే రీసెట్ రంధ్రాన్ని ముట్టకండి. అది మీ కనెక్షను వివరాలన్నిటినీ చెరిపివేయవచ్చు. పని అత్యవసరమైతే వీటన్నిటికన్నా ముందు ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ఆ పని ముగించండి. హాట్‌స్పాట్ కూడా ఒక చిన్న స్థానిక జాలమే.

ఫిర్యాదు మరాఠీలో చెప్పవలసి వస్తుంది. నా వృత్తి ధర్మంగా నాలుగు వాక్యాలు ఇస్తున్నాను. ఎర్ర దీపం వెలుగుతున్నది: లాల్ దివా లాగలా ఆహే. వైఫై ఉన్నది గాని ఇంటర్నెట్ రావడం లేదు: వాయ్‌ఫాయ్ ఆహే, పణ్ ఇంటర్నెట్ యేత్ నాహీ. తీగ పెట్టినా రావడం లేదు: కేబల్ లావలీ తరీ యేత్ నాహీ. ఫిర్యాదు నంబరు ఇవ్వండి: తక్రార్ క్రమాంక్ ద్యా. నెట్ నాహీ అని మాత్రమే అన్నవారికి రేపు వస్తామని జవాబు వస్తుంది. ఈ వాక్యాలు చెప్పినవారితో అవతలి మనిషి మాట్లాడే తీరే మారుతుంది. నేను స్వయంగా చూశాను.

ఇంటికి వెళ్లి ఈ రాత్రే ఒక పని చేయండి. పిల్లలను వెంటబెట్టుకుని మీ ఇంటిలోని తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో వేలితో చూపిస్తూ నడవండి. విరిగిన కొక్కెం కనిపిస్తే ఆ తీగను మార్చండి. మా ఇంటిలో ఆ తీగ విలువ ఆ రోజులలో వంద రూపాయలు కూడా లేదు.